గొంతులోని కావలి

నెల్లూరు తీరమున చేపల పులుసు రుచి యెరుగనివారు అరుదు. ఎప్పుడైనను ఒక ముల్లు గొంతు వెనుకభాగమునకు తగిలినచో కన్నుల నీరు తిరిగి, డోకు వచ్చును. అది మనము తెచ్చుకొనునది కాదు. గొంతులోని నాడులు మెదడు అడుగుభాగమునకు వార్త పంపగా, అచ్చటినుండి వచ్చిన ఆజ్ఞచే కండరములు తటాలున బిగియును. ఊపిరిగొట్టమును కాపాడు కావలి యిదియే.

అన్నవాహికలో కాన్సరును తొలిదశలోనే తొలగించు వైద్యుడు ఈ కావలిని దాటిపోవలెను. పెద్దవారిలో అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. కాన్సరు మొదట దాని లోపలి పొరలో పుట్టును. లోతునకు పాకకముందే కనిపెట్టినచో, ఎదను తెరచి చేయు పెద్ద శస్త్రచికిత్స చాలమందికి తప్పును. నోటిద్వారా ఎండోస్కోపు అను సన్నని గొట్టమును పంపి, చెడిన పొరను మాత్రమే ఒలిచి తీయుదురు. 1990 దశకపు చివర జపానులో రూపొందిన ఈ పద్ధతి నేడు హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీలోను అమలులో నున్నది.

గొట్టము పంపుటకు ముందు గొంతులో లిగ్నొకేయిను అను మందును తుంపరగా చల్లుదురు. దీనిని 1943లో స్వీడను దేశపు రసాయనవేత్త నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసెను. నాడిలోనికి సోడియము అయానులు సూక్ష్మద్వారములగుండ చొచ్చుటచే వార్త ముందునకు సాగును. ఈ మందు ఆ ద్వారములను మూయును. వార్త బయలుదేరదు, డోకు రాదు. లవంగము నమిలిన నాలుక కొంత మొద్దుబారుట విద్యార్థులు ఎరిగినదే. అందలి యూజినాలు చేయు పనియు ఇట్టిదే.

అయితే ఈ మందు పని గొంతువరకే. పొరను ఒలుచుటకు గంటయో, అంతకు మించియో పట్టును. రోగి కదలరాదు. కావున నరముద్వారా మత్తుమందిచ్చుటయో, పూర్తిగా స్మృతి తప్పించుటయో అవసరము. పిదప చెడిన పొర క్రింద రంగు కలిపిన ఉప్పునీటిని సూదితో ఎక్కించి, దానిని బొబ్బవలె పైకి లేపుదురు. అప్పుడు విద్యుత్ కత్తి క్రింది కండరమును తాకకుండ పొరను కోయవచ్చును.

చల్లు మందునకును హద్దు కలదు. 10 శాతపు తుంపరలో ఒక్కొక్క చిమ్ముడు 10 మిల్లీగ్రాముల మందు. మితిమీరినచో అది రక్తములో చేరి మూర్ఛను, గుండెలయలో తేడాను కలిగింపగలదు. అందుచే చిమ్ముడులను లెక్కించుచుందురు.

పని ముగిసినను కావలి వెంటనే మేల్కొనదు. అప్పుడు గ్రుక్కెడు నీరు త్రాగినను ఊపిరిగొట్టములోనికి జారవచ్చును. గొంతుకు స్పర్శ మరల వచ్చినదాక నీరైనను ఇవ్వరు. లోపలి గాయము పచ్చిగా నుండుటచే ఆహారమును ఇంకను కొంతకాలము ఆపుదురు.

ఈ చికిత్స తొలిదశకే తగినది. ఆ దశలో బాధ తరచు కనబడదు. పొగాకు, మద్యము ఈ వ్యాధికి దారితీయునని బాలురకు, బాలికలకు ఉపాధ్యాయులు తెలుపవలెను. ఇంటిలో ఎవరికైనను ముద్ద దిగుట కష్టమైనచో, ముల్లు గుచ్చుకొన్నదేమోయని సరిపెట్టుకొని రోజులు గడపక వైద్యునికి చూపవలెను.