కంప్యూటరు మొదట ఎవరి తలుపు తడుతుంది?

పిల్లలూ! మదనపల్లెలో ఒకాయన కుప్పం బస్సెక్కాడనుకుందాం. ఆయనకు దారిలో పుంగనూరులో ఒక చుట్టం, కుప్పంలో ఇంకొక చుట్టం ఉన్నారు. జేబులో చీటీ ఉంది: "మొదట పుంగనూరు, అక్కడ తలుపు తియ్యకపోతే కుప్పం." పుంగనూరులో తలుపు తట్టగానే "రండి, రండి" అన్నారు. ఇంకేం? ఆ ఊరి పొట్టి ఆవు పాలు తాగి హాయిగా అక్కడే పడుకున్నాడు. అంతమాత్రాన కుప్పంలో ఇల్లు కూలిపోయిందని ఎవరైనా అంటారా?

కంప్యూటరు విషయంలో పెద్దవాళ్లే అలా అంటూ ఉంటారు!

ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ పెట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత యంత్రాలకు లినక్స్ బాగా పనికివస్తుంది.

మీట నొక్కగానే, లోపలి పెద్ద బోర్డు మీది చిప్‌లో ఉన్న చిన్న ప్రోగ్రాము మేలుకుంటుంది. పాతవాటిలో దాని పేరు బయాస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. దాని దగ్గరా ఒక చీటీ ఉంటుంది. పెన్‌డ్రైవు, విండోస్, లినక్స్ అని ఏదో ఒక వరుస. పై పేరును పిలుస్తుంది. పలక్కపోతే కింది పేరుకు పోతుంది. పలికితే పని దానికే అప్పగిస్తుంది. ఈ వరుసనే బూట్ ఆర్డర్ అంటారు. బూటు వెనక ఉండే పట్టీని తానే పట్టుకుని తనను తాను పైకి లాక్కోవడం అనే తమాషా ఊహలోంచి ఈ బూట్ అనే మాట వచ్చింది.

ఒక్కొక్కప్పుడు విండోస్ అప్‌డేటు జరిగాక విండోస్ పేరు పైకి ఎక్కుతుంది. మరునాడు లినక్స్ కనబడదు. "పోయింది, అంతా తుడిచి మళ్లీ ఎక్కిద్దాం" అంటారు. ఆగండి! అలా తుడిస్తే మీ ప్రాజెక్టులు, నాన్నగారి లెక్కలు, ఫొటోలు నిజంగానే పోతాయి. ముందు చీటీ చూడాలి.

పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, మీట నొక్కిన వెంటనే ఎఫ్12 వంటి మీటను నొక్కండి. ఏ మీటో కంపెనీని బట్టి మారుతుంది. తరచు తెర మీదే రాసి ఉంటుంది. వచ్చే పట్టీలో ఉబుంటు వంటి లినక్స్ పేరు కనబడితే దాన్ని ఎంచుకోండి. లినక్స్ లేచిందా, ఇల్లు పదిలమే! ఇది ఆ ఒక్కసారికే. శాశ్వతంగా మార్చాలంటే ఎఫ్2 గాని, డిలీట్ గాని నొక్కి సెట్టింగుల్లోకి వెళ్లి, ఆ పేరును పైకి తెచ్చి భద్రపరచాలి. విండోస్‌కు బిట్‌లాకర్ తాళం ఉంటే, దాని 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోండి. వరుస మారిస్తే అది అడగవచ్చు.

లినక్స్‌ను పైన పెట్టడంలో ఒక సౌకర్యం ఉంది. దాని వెంట వచ్చే గ్రబ్ అనే ద్వారపాలకుడు సాధారణంగా రెండు పేర్లూ చూపి, కొన్ని సెకన్లు మన మాట కోసం కాచుకుంటాడు. విండోస్ ద్వారపాలకుడికి మామూలుగా అంత మర్యాద లేదు!

పాత డెస్క్‌టాప్‌లో వరుస మాటిమాటికీ మారిపోతూ, తేదీ కూడా వెనక్కి పోతూ ఉంటే, తప్పు విండోస్‌ది కాకపోవచ్చు. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. దాన్ని మార్పించండి.