పొలము తాకట్టున మిల్లు కొనవచ్చునా?

పది యెకరముల మాగాణి గల కుటుంబమున చదువు ముగించిన కుమారు డింట నున్నాడనుకొందము. ఊరి మొగనున్న రైసు మిల్లు యజమాని వృద్ధుడైనాడు. ఆయన బిడ్డలు దూరదేశములలో స్థిరపడినారు. మిల్లు అమ్మకమునకు వచ్చినది. క్రొత్త మిల్లు కట్టి, అనుమతులు తెచ్చి, రైతుల నమ్మకము సంపాదించుటకు ఏండ్లు పట్టును. నడచుచున్న మిల్లు కొన్నచో మరునాడే మర తిరుగును. కావున కొనవలెనను కోరిక అవివేకము కాదు. అయితే సొమ్మెక్కడిది? ఈ ప్రశ్నకు మనవారు సాధారణముగా చెప్పు సమాధాన మొక్కటే: "పొలమున్నది గదా!" ఆ సమాధానమును పరీక్షించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మొదట ఒక సూత్రము చెప్పుకొనవలెను. కొన్న వ్యాపారము తన అప్పును తానే తీర్చుకొనవలెను. అట్లు తీర్చుకొనలేని వ్యాపారమునకు పొలమును పూచీగా పెట్టుట, మునుగుచున్న పడవకు మంచి పడవను కట్టుట వంటిది. రెండును మునుగును.

ఈ సూత్రము చిన్నవారికే గాదు, పెద్దవారికిని వర్తించును. 2000 సంవత్సరమున టాటా టీ కంపెనీవారు ఇంగ్లండులోని టెట్లీ కంపెనీని 27 కోట్ల 10 లక్షల పౌండ్లకు కొనిరి. కొన్నది తమకంటె పెద్ద కంపెనీ. అందులకై వారు ఇంగ్లండులో ప్రత్యేకముగా నొక కంపెనీని నెలకొల్పి, దానిలో 7 కోట్ల పౌండ్లు మూలధనముగా నుంచిరి. తక్కినది చాలవరకు అప్పు. ఆ అప్పుకు పూచీ టెట్లీ ఆస్తులు, టెట్లీ రాబడి. మన దేశమునందలి టాటా టీ ఆస్తులు కావు. బేరము చెడినచో పెట్టిన మూలధనము పోవును గాని, ఇల్లు కూలదు.

దీనికి విరుద్ధమైన కథయు మన దేశముననే జరిగినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతి కాలమున కలకత్తాలో హరిదాసు ముంద్రా యను వర్తకుడు, పూర్వము బ్రిటిషువారి చేతులలో నున్న కంపెనీల వాటాలను ఒకదాని వెంట నొకటి కొనెను. కొన్న వాటాలను తాకట్టు పెట్టుట, ఆ అప్పుతో మరికొన్ని వాటాలు కొనుట ఆయన పద్ధతి. వాటాల వెలలు తగ్గుటతోడనే కట్టడమంతయు కదలెను. 1957 జూన్‌లో జీవిత బీమా సంస్థ ఆయన ఆరు కంపెనీల వాటాలను 1 కోటి 24 లక్షల రూపాయలకు కొనెను. ప్రజల భీమా సొమ్మును ఇట్లు వెచ్చింపనేల యని పార్లమెంటున ఫిరోజు గాంధీ నిలదీసెను. న్యాయమూర్తి చాగ్లా విచారణ జరిపెను. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారి పదవి విడిచెను.

ఈ రెంటికిని భేదమేమి? రెండు చోట్లను అప్పు కలదు. టెట్లీ అప్పు జనులు దినదినము త్రాగు తేనీటి రాబడిపై నిలిచినది. ముంద్రా అప్పు వాటాల ధరపై నిలిచినది. పొలము తాకట్టు పెట్టి మిల్లు కొనువాడు తెలియకయే రెండవ త్రోవ త్రొక్కుచున్నాడు. ఏలయన, అతడు చూచునది మిల్లు రాబడి గాదు, పొలము ధర. అప్పిచ్చువాడును ఆ ధరనే చూచి ఇచ్చును. అప్పు దొరకినది గావున బేరము మంచిదేయని కొనువాడు భ్రమపడును. నీటిలోని బర్రెకు బేరమాడుట యనగా నిదియే.

కావున ముందుగా మిల్లు రాబడిని గట్టుకు తెచ్చి చూడవలెను. ఒక లెక్క వేయుదము. యజమాని కోటి రూపాయలు అడుగుచున్నాడు; ఏటా 24 లక్షలు మిగులుచున్నదని చెప్పుచున్నాడు. ఆయన మాటలో అసత్యము లేకపోవచ్చును. అయినను ఆయన తన శ్రమకు జీతము కట్టుకొనలేదు. లెక్కలు చూచిన బావమరిదికి జీతమీయలేదు. ఈ రెంటికిని 6 లక్షలు తీసివేయుడు. బాయిలరు, మోటారు, గోదాము కప్పు బాగుచేయుటకు ఏటేట పక్కన నుంచవలసినది 3 లక్షలు తీసివేయుడు. మిగిలినది 15 లక్షలు. అప్పు తీర్చుటకు పనికివచ్చు రాబడి ఇంతియే.

చెప్పిన రాబడి నిజమో కాదో తెలిసికొనుటకు మార్గములు కలవు. కరెంటు బిల్లులు మూడేండ్లవి తెప్పించి చూడుడు. మర తిరుగనిదే మీటరు తిరుగదు. జి.ఎస్.టి., ఆదాయపు పన్ను కాగితములను వాటి ప్రక్కన పెట్టి చూడుడు. నూరు కిలోల ధాన్యమునకు 67 కిలోల పచ్చి బియ్యము ప్రభుత్వమున కీయవలెనను నియమము కలదు గదా! ప్రభుత్వ ధాన్యము మర పట్టు మిల్లయినచో, పౌర సరఫరాల సంస్థకు చేరవలసిన బియ్యము బాకీ యున్నదేమో విచారింపుడు. తవుడు, నూక, ఊక ఎవరికి ఏ ధరకు పోవుచున్నవో అడుగుడు.

ఇక పెట్టుబడి మార్గములను ఒక్కొక్కటిగా విచారింతము.

మొదటిది బ్యాంకు. 1923లో బందరున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు లక్ష రూపాయల చెల్లింపు మూలధనముతో ఆంధ్ర బ్యాంకును స్థాపించిరి. 2020 ఏప్రిలు 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమయ్యెను. పేరు పోయినది గాని బ్యాంకు అడుగవలసిన ప్రశ్న మారలేదు: వాయిదా చెల్లించుటకు రాబడి చాలునా? పై మిల్లుకు 25 లక్షలు చేతినుండి పెట్టి, 75 లక్షలు నూటికి 11 వంతు వడ్డీకి ఏడేండ్ల గడువున తెచ్చితిమనుకొందము. నెలవారీ వాయిదా రమారమి 1 లక్ష 28 వేలు. సంవత్సరమునకు 15 లక్షల 40 వేలు. రాబడి 15 లక్షలు. మొదటి సంవత్సరముననే లోటు! ఆ లోటు పూడ్చవలసినది పొలము. ఇట్టి బేరమునకు బ్యాంకు సంతకము పెట్టినను మనము పెట్టరాదు.

రెండవది ప్రభుత్వపు ఆసరా. ఇచట జాగ్రత్త కావలెను. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకపు రాయితీ క్రొత్తగా స్థాపించు పరిశ్రమలకు గాని, పాతవాటిని కొనువారికి కాదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమల అప్పులకు పూచీ యిచ్చు ఋణ హామీ నిధి యొకటి 2000 సంవత్సరము నుండి కలదు. 2025 ఏప్రిలు 1 నుండి దాని పరిమితి 10 కోట్ల రూపాయలకు పెరిగినది. తాకట్టు లేకయే అప్పు పొందుటకు ఈ నిధి తోడ్పడును. కావున బ్యాంకునకు పోయినపుడు "పొలము కాగితములు తెచ్చితిని" అనుటకు ముందు, "ఈ హామీ క్రింద ఈయగలరా?" యని అడుగవలెను. అయితే ఈ హామీ బ్యాంకునకే గాని ఋణగ్రస్తునకు గాదు. అప్పు తీర్చవలసిన బాధ్యత మనదే. పంటకని తక్కువ వడ్డీకి తెచ్చిన ఋణమును మిల్లు వైపు మళ్లించుట మాత్రము ఎన్నడును చేయరాదు.

మూడవది మనవారు ఆలోచింపనిది, మా దృష్టిలో ఉత్తమమైనది: అమ్మువానినే ఆగుమని అడుగుట. ధరలో ఐదవ వంతు, అనగా 20 లక్షలు, వడ్డీ లేకుండ ఐదు సంవత్సరములలో పుచ్చుకొందువా యని అడుగుడు. అపుడు ఏటా 4 లక్షలు ఆయనకు పోవును. చేతినుండి 40 లక్షలు, బ్యాంకు నుండి 40 లక్షలు అయినచో బ్యాంకు వాయిదాలు ఏటా 8 లక్షల 22 వేలు. మొత్తము చెల్లింపు 12 లక్షల 22 వేలు. 15 లక్షల రాబడికి ఇది లోబడినది. బేరమాడి ధరను 95 లక్షలకు తెచ్చి, బ్యాంకు అప్పును 35 లక్షలకు తగ్గించినచో చెల్లింపు 11 లక్షల 20 వేలకు దిగును. రూపాయి వాయిదాకు రూపాయి పావు రాబడి యుండవలెనను పాత లెక్క అప్పుడు సరిపోవును.

అమ్మువాడు ఆగుటలో మరియొక లాభము కలదు. రాబడి విషయమై ఆయన చెప్పిన మాటకు ఆయన సొమ్మే పూచీ యగును. మిల్లు నడచిననే గాని ఆయనకు బాకీ రాదు. కావున రైతులను పరిచయము చేయును, మరమ్మతుల రహస్యములు చెప్పును, ఎదురుగా మరియొక మిల్లు పెట్టడు. ఆయనకును రక్షణ లేకపోలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ననుసరించి, స్థిరాస్తి చేతులు మారిన పిమ్మట నిలిచిన క్రయధనపు బాకీకి ఆ యాస్తిపై హక్కు అమ్మినవానికి కలదు. అయితే బ్యాంకునకు ముందే చెప్పి, ఎవరి హక్కు ముందో, ఎవరిది వెనుకో పత్రమున వ్రాసికొనవలెను.

ఆయన ఆగననినచో మోసమని వెంటనే తలపరాదు. వృద్ధునకు సొమ్మంతయు ఒక్కసారి కావలసియుండవచ్చును. అట్టిచో నాల్గవ మార్గము కలదు. అది రైతునకు బాగుగా తెలిసినదే: కౌలు. ఒక సంవత్సరము మిల్లును కౌలునకు తీసికొని నడుపుడు. సంవత్సరాంతమున నిర్ణీత ధరకు కొనుటకు హక్కు పత్రమున వ్రాయించుకొనుడు. ఒక ఖరీఫు, ఒక రబీ గడచినచో ఏ లెక్కల పుస్తకమును చెప్పని నిజము తెలియును.

ఐదవది భాగస్వామ్యము. అన్నదమ్ములో బంధువులో కలసి సొమ్ము పెట్టినచో వాయిదా భారము లేదు. కాని నోటి మాటపై నడచు భాగస్వామ్యము చుట్టరికమును, వ్యాపారమును రెంటిని చెరచును. 1932 చట్టము క్రింద పత్రము వ్రాసికొని రిజిస్టరు చేయుడు. మామూలు భాగస్వామ్యమున ఒకని అప్పుకు అందరి ఆస్తియు బాధ్యత వహించును. ఆ భయము లేకుండుటకు 2008 చట్టము క్రింద పరిమిత బాధ్యత గల భాగస్వామ్యము ఏర్పరచుకొనవచ్చును.

ఇక చీటీలు, చేబదుళ్లు. చీటీ పాట పాడి తెచ్చిన సొమ్ము చిన్న లోటు పూడ్చుటకు పనికివచ్చును. మిల్లు కొనుటకు చాలదు. నూటికి రెండు రూపాయల నోటు అనగా సంవత్సరమునకు నూటికి 24. బ్యాంకు వడ్డీకి రెట్టింపునకు మించినది. మర ఎంత వేగముగా తిరిగినను ఆ వడ్డీని అందుకొనజాలదు.

సొమ్ము కుదిరినను మూడు గోతులు కలవు. ఒకటి, నడుపుటకు వలయు సొమ్ము. ఉన్నదంతయు ధరక్రింద చెల్లించి, ధాన్యము కొనుటకు చేత కాసు లేక మర నాపినవాడు, మిల్లు కొనియు కొననివాడే. అమ్మినవాని క్యాష్ క్రెడిటు ఖాతా ఆయనతోనే పోవును. మన ఖాతా మంజూరైన తరువాతనే రిజిస్ట్రేషను పెట్టుకొనవలెను. రెండు, పాత బాకీలు. 2017 నాటి జి.ఎస్.టి. చట్టము 85వ సెక్షను ప్రకారము, వ్యాపారము చేతులు మారువరకు గల పన్ను బాకీకి అమ్మినవాడును కొన్నవాడును ఇరువురును బాధ్యులు. కరెంటు, కార్మికుల భవిష్య నిధి, బ్యాంకు బాకీలు లేవని పత్రములు తెచ్చుకొని, ధరలో కొంత నిలిపి యుంచుకొనుడు. మూడు, పూచీ సంతకము. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద, అప్పు మొండిబకాయి యైనచో 60 దినముల నోటీసిచ్చి, న్యాయస్థానమునకు పోకయే తాకట్టునందున్న ఇంటిని బ్యాంకు స్వాధీనపరచుకొనవచ్చును. వ్యవసాయ భూమి ఆ చట్టమునకు లోబడదు. అంతమాత్రమున పొలము క్షేమమని తలపరాదు. ఋణ వసూలు ట్రిబ్యునలు ద్వారముననో, న్యాయస్థానము ద్వారముననో వేలము వచ్చుటకు అడ్డులేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. చేతినుండి పెట్టవలసిన 40 లక్షలు లేనివాడేమి చేయవలెను? మా సమాధానము కొందరికి రుచింపకపోవచ్చును. పది యెకరములు తాకట్టు పెట్టుటకంటె కొంత పొలము అమ్మివేయుట మేలు. అమ్మిన పొలము పోవును. ఆ నష్టమునకు హద్దు కలదు. మిగిలిన పొలముపై ఎవరి చేయియు పడదు. తాకట్టు పెట్టినవాడు ఒక్క గుంటయు పోలేదని ఊరిలో తల యెత్తుకొని తిరుగును గాని, రెండు పంటలు చెడినచో మొత్తము పోగొట్టుకొనును. పొలమమ్ముట అవమానమనియు, తాకట్టు పెట్టుట గౌరవమనియు మనలో నొక భావము కలదు. ఆ భావమే ఎన్నో ఇండ్లను దీపము లేనివిగా చేసినది. కొంత పొలము అమ్ముటకు మనసొప్పనిచో, ఆ మిల్లుపై మనకే నమ్మకము లేదన్నమాట. అట్టి మిల్లును ఇతరుల సొమ్ముతో కొనుట ఎట్లు న్యాయము?

వ్యవసాయము నుండి వాణిజ్యమునకు అడుగు వేయు యువకులను మేము నిరుత్సాహపరచుట లేదు. అడుగు వేయవలసినదే. ఒక పాదము స్థిరముగా నేలపై నున్నపుడే రెండవ పాదమెత్తవలెను. మర చెడినచో బాగుచేయించుకొనవచ్చును. మర బాగుపడువరకు ఇంటి గాదెలో గింజలుండవలెను గదా!