సముద్రం తరలిపోయిన రేవు – టోర్నియో

ఐరోపా పటంలో స్వీడన్, ఫిన్లండు దేశాల నడుమ ఉత్తరంగా చొచ్చుకొనిపోయిన సముద్రపు పాయ ఒకటి కనిపిస్తుంది. దానికి బోత్నియా అఖాతమని పేరు. ఆ అఖాతం కొనయందు, టోర్నియో నది సముద్రంలో కలిసేచోట, ఆ నది పేరే గల చిన్న పట్టణం ఉన్నది. జనసంఖ్య సుమారు 21,000. ఉత్తర ధ్రువవృత్తం అక్కడికి దాదాపు 80 కిలోమీటర్ల దూరం. అందుచేత నడివేసవిలో అర్ధరాత్రి కూడా చీకటి పడదు. డిసెంబరు చివర పగటివేళ మూడు గంటలు మాత్రమే. ఏడాదిలో ఇంచుమించు సగం కాలం అఖాతపు నీరు గడ్డకట్టి ఉంటుంది.

ఇంతటి చలిప్రదేశంలో పట్టణం ఎందుకు వెలసింది? నది వలననే. 500 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ నది లాప్లండు లోతట్టు ప్రాంతాలకు రాచబాట వంటిది. వేసవిలో పడవలమీద, శీతకాలంలో మంచుబండ్లమీద ఉన్నితోళ్లు, ఎండుచేపలు, సాల్మన్ చేపలు దిగివచ్చేవి. ధాన్యం, ఉప్పు, బట్టలు పైకి వెళ్లేవి. ఆనాడు ఫిన్లండు స్వీడన్ రాజ్యంలో భాగం. స్వీడన్ రాజు రెండవ గుస్తావ్ అడాల్ఫ్ 1621లో, నదీముఖంలోని సుయెన్‌సారి అనే దీవిమీద ఈ పట్టణాన్ని నెలకొల్పాడు. ఓడలు పట్టణం దాకా వచ్చేవి.

కాని తరాలు గడిచేకొద్దీ రేవులో నీరు పలచబడజొచ్చింది. ఓడలు లోనికి రాలేక, రేవును పలుమార్లు నది దిగువకు మార్చవలసి వచ్చింది. ఓడలనే నమ్ముకొన్న వర్తకులకు ఇది చిన్న కష్టం కాదు. పట్టణపు పెరుగుదల కుంటుపడింది. సముద్రం ఎక్కడికి పోతున్నట్లు?

ఈ ప్రశ్నను గట్టిగా పట్టించుకొన్నవారిలో ఆండర్స్ సెల్సియస్ ముఖ్యుడు. ఉష్ణమానంతో మనకు పరిచయమైన సెల్సియస్ ఈయనే. నీటిమట్టం ఎంత తగ్గుతున్నదో తెలుసుకోవడానికి 1731లో ఆయన స్వీడన్ తీరాన ఒక బండమీద గీత చెక్కించాడు. ఐదేండ్లకు ఆయనే టోర్నియో చేరాడు. కాని మరొక పనిమీద.

భూమి ధ్రువాలవద్ద అణగి ఉంటుందని న్యూటన్ సిద్ధాంతం. కాదు, ధ్రువాల వైపు సాగి ఉంటుందని కాసినీ పక్షంవారి వాదం. దీన్ని తేల్చడానికి ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఒక బృందాన్ని భూమధ్యరేఖ ప్రాంతానికీ, మోపెర్చ్యూయి నాయకత్వాన మరొక బృందాన్ని 1736లో టోర్నియోకూ పంపింది. భూమి అణగిన చోట ఉపరితలపు వంపు తక్కువ; కనుక అక్షాంశం ఒక డిగ్రీ మారడానికి ఎక్కువ దూరం నడవాలి. అంటే ఉత్తరాన డిగ్రీ పొడవు ఎక్కువైతే న్యూటన్ గెలిచినట్లు.

టోర్నియో నది ఇంచుమించు ఉత్తరంనుండి దక్షిణానికి పారుతుంది, ఇరుప్రక్కలా కొండలున్నాయి. పట్టణంలో 1686లో పూర్తయిన చర్చి గోపురం కొలతకు దక్షిణపు కొన. పెల్లో సమీపాన ఉన్న కిత్తిస్ కొండ ఉత్తరపు కొన. కొండకూ కొండకూ మధ్య కోణాలు కొలిచి త్రిభుజాల వరుస అల్లారు. ఆధారరేఖను డిసెంబరు చలిలో గడ్డకట్టిన నదిమీదనే కర్రకొలబద్దలతో కొలిచారు. దాని పొడవు 14 కిలోమీటర్లకు పైన. ఇక్కడి డిగ్రీ పారిస్ వద్ద డిగ్రీకంటె సుమారు 700 మీటర్లు ఎక్కువని తేలింది. తరువాత 1801–03లో తిరిగి కొలిచినప్పుడు ఆ సంఖ్య కొంత తగ్గిందిగాని నిర్ణయం మారలేదు. లాంబ్టన్ 1802లో మద్రాసువద్ద ప్రారంభించి దక్కను మీదుగా సాగించిన కొలతకూ ఈ త్రిభుజపద్ధతే ఆధారం.

ఇక నీటి సంగతి. లోకంలో నీరే తరిగిపోతున్నదని సెల్సియస్ భావించాడు. నిజానికి పైకి లేస్తున్నది నేల. గత హిమయుగంలో ఈ ప్రాంతాన్ని మూడు కిలోమీటర్ల వరకు మందమున్న మంచుగడ్డ కప్పింది. ఆ బరువుకు భూపటలం క్రుంగింది. సుమారు పదివేల ఏండ్లనాడు మంచు కరిగి బరువు తొలగింది. దూదిపరుపుమీద కూర్చున్న మనిషి లేస్తే పరుపు మెల్లగా పొంగినట్లు, నేల ఇప్పటికీ పొంగుతున్నది. మంచు బరువుకు నేల క్రుంగుతుందనీ, అది కరిగితే లేస్తుందనీ 1865లో జేమీసన్ సూచించాడు. టోర్నియో తీరాన నేల సముద్రమట్టాన్ని మించి ఏటా సుమారు ఏడు మిల్లీమీటర్లు లేస్తూ వచ్చింది. పట్టణం పుట్టిననాటినుండి లెక్కిస్తే దాదాపు మూడు మీటర్లు!

1808–09 యుద్ధంలో స్వీడన్ ఫిన్లండును రష్యాకు కోల్పోయింది. 1809 సంధి ప్రకారం నదియే సరిహద్దు. ప్రధానప్రవాహం పట్టణానికి తూర్పున ఉన్నా, పట్టణం రష్యాకు దక్కేటట్లు సరిహద్దును పడమటి సన్నపాయ వెంబడి త్రిప్పారు. నేల లేవడంవల్ల ఆ పాయ చాలవరకు పూడి, దీవి స్వీడన్ గట్టుతో కలిసిపోయింది. పట్టణం పోగొట్టుకొన్న స్వీడన్‌వారు ఎదుటనే హపరండా అనే ఊరు కట్టుకొన్నారు. 1842లో దానికి పట్టణహోదా వచ్చింది. ఫిన్లండు 1917లో స్వతంత్రమైనా సరిహద్దు అక్కడే నిలిచింది. ఈ గట్టున గంట పన్నెండైతే ఆ గట్టున పదకొండే. అయినా రెండు పట్టణాలవారు బజారుకూ, పనులకూ నిత్యం అటూఇటూ వెళుతుంటారు.

సమీపాన కెమి ప్రాంతంలో 1959లో క్రోమియం ఖనిజం బయటపడింది. 1968లో ఫెర్రోక్రోమ్ కర్మాగారమూ, 1976లో స్టెయిన్‌లెస్ స్టీలు కర్మాగారమూ టోర్నియోలో వెలిశాయి. అవి ఉన్నది పాతపట్టణం ప్రక్కన కాదు. దక్షిణాన సముద్రపు టొడ్డున, రోయిత్తా రేవువద్ద. వర్తకులు ఓడలను వెదుకుకొంటూ దిగివచ్చిన దారి చివరకు అక్కడ ముగిసింది. వాతావరణం వేడెక్కి లోకమంతటా సముద్రమట్టం పెరుగుతున్న ఈ కాలంలోకూడా, ఈ తీరాన నేల సముద్రంకంటె వేగంగానే లేస్తున్నది.