ఆకుకు దీపం ఎంత దూరం?

ఆదోనిలో నీళ్లకు కరువుంటుందేమో గానీ ఎండకు ఉండదు. అలాంటి ఊళ్లో మొక్కకు కరెంటు దీపమా అని ఎవరైనా నవ్వితే తప్పుపట్టలేం. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది. కానీ ఆ ఎండను ఆపడానికేగా పాత మిద్దెలకు మందపు గోడలు, చిన్న కిటికీలు పెట్టింది! కిటికీ దగ్గర నుంచి నాలుగడుగులు లోపలికి జరిగితే మిగిలేది కొన్ని వందల లక్స్. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు. తులసి సర్దుకోలేదు. కాడ సాగి, ఆకు పాలిపోయి, కిటికీ వైపు వాలిపోతుంది.

దీపం కొనేవాళ్లు ముందు వాట్లు, తర్వాత రంగు అడుగుతారు. అసలు అడగాల్సింది ఎత్తు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. పోగు కనబడాలంటే బల్బు కప్పున ఉంటే చాలదు, పడుగు మీదికి దిగాలి. మూడడుగుల ఎత్తునున్న బల్బును అడుగు ఎత్తుకు దించితే ఆకు మీద వెలుతురు దాదాపు తొమ్మిది రెట్లవుతుంది, అదీ పైసా ఖర్చు లేకుండా. ట్యూబ్‌లైటుకు ఇంత తేడా రాదు, అది పొడుగునా వెలుగుతుంది కాబట్టి. దగ్గరైతే ఆకు మాడదా అంటారు. ఆకు ఎత్తులో అరచెయ్యి పెట్టి చూడండి. చేతికి వేడి తగిలితేనే దీపాన్ని పైకి జరపాలి. ఇక గులాబీ రంగు దీపాల సంగతి. ఆకుపచ్చని పత్రహరితం ఎరుపు, నీలం కిరణాలనే ఎక్కువగా పీలుస్తుందన్నది నిజమే. అయితే తెల్లటి దీపంలో ఆ రెండూ ఉన్నాయి, పైగా పచ్చ కిరణాలు ఆకు లోపలి పొరల దాకా దిగుతాయి. గులాబీ వెలుగులో తెగులు పట్టిన ఆకును గుర్తుపట్టడం కూడా కష్టం.

కరెంటు బిల్లు గురించిన అభ్యంతరమే గట్టిది. 20 వాట్ల ట్యూబ్‌లైట్లు రెండు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు 17 యూనిట్లు. ఆ లెక్కన కొత్తిమీర కట్ట సంతలో కొనడమే చవక. మిరప కాయాలన్నా, పత్తి పగలాలన్నా ఈ వెలుగు ఏ మూలకూ చాలదు. దీనికి తగిన పని నారు పెంచడం. బయట నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో టమాటా, వంగ నారును జానెడు ఎత్తు దీపం కింద మూడు నాలుగు వారాలు సాకవచ్చు. నారు ఎదిగే కొద్దీ దీపాన్ని పైకి జరుపుతూ పోవాలి. రాత్రి ఆర్పడం మరవకూడదు, ఎడతెగని వెలుతురులో టమాటా ఆకులు పాలిపోతాయి. నీడపట్టున పెరిగిన ఆ ఆకు ఆదోని ఎండను ఒక్కసారిగా తట్టుకోలేదు. మొదటి రోజు పొద్దుటి ఎండ అరగంట, తర్వాత రోజుకు కాస్త చొప్పున.