దండెం చెప్పే లెక్క

అరకు, రుషికొండ, అనంతగిరి కొండలు... ఇంటి గదులను పర్యాటకులకు అద్దెకిచ్చేవాళ్లు ఎక్కడ చూసినా కనిపిస్తున్నారు. గోడలకు రంగులేసి, వరండాలో ఉయ్యాల కట్టడం సులువే. వచ్చినవాళ్లకు రోజూ ఉతికిన దుప్పటి, పొడిగా ఆరిన తువ్వాలు ఇవ్వడం దగ్గరే అసలు పని మొదలవుతుంది.

డిసెంబరు నెల శనివారం. అరకులోయలో పొద్దున్న పదకొండింటికి ఒక జట్టు గది ఖాళీ చేస్తుంది, మధ్యాహ్నం రెండింటికి ఇంకో జట్టు దిగుతుంది. ఆ మూడు గంటల్లో ఊడవొచ్చు, తుడవొచ్చు, స్నానాల గది కడగొచ్చు. దుప్పటి ఉతికి ఆరబెట్టడం మాత్రం కుదరదు. ఆ కొండల్లో తొమ్మిదైనా మంచు విడవదు. రాత్రి దండెం మీద మరిచిపోయిన తువ్వాలు తెల్లారేసరికి వేసినప్పటికంటే తడిగా ఉంటుంది. లంబసింగి వైపైతే చలి ఇంకా ఎక్కువ.

అందుకే హోమ్‌స్టే పెడదామనుకునేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇది: గదులు లెక్కపెట్టుకునే ముందు, మీ పెరట్లో రోజుకి ఎన్ని దుప్పట్లు ఆరతాయో లెక్కపెట్టండి. ఎంతమందికి ఆతిథ్యం ఇవ్వగలరో తేల్చేది దండెమే.

కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకం ఒక ఇంట్లో ఆరు గదులు, పన్నెండు పడకల దాకా ఒప్పుకుంటుంది. ఆ ఆరు గదులనే తీసుకుందాం. గదికి పరుపు మీద పరిచే దుప్పటి ఒకటి, కప్పుకునేది ఒకటి, దిండు గలీబులు రెండు, స్నానం తువ్వాళ్లు రెండు, చేతి తువ్వాళ్లు రెండు, కాళ్లు తుడుచుకునే మ్యాటు ఒకటి. మొత్తం తొమ్మిది. ఆరు గదులకు 54. పొడిగా ఉన్నప్పుడు తూచితే ఒక గది మూట మూడున్నర కిలోల పైచిలుకు, అన్నీ కలిపితే 22 కిలోల దాకా తూగుతుంది. ఇళ్లలో వాడే ఏడెనిమిది కిలోల మెషిన్‌కి అది మూడు విడతల పని. మెషిన్ గిర్రున తిప్పి పిండేశాక కూడా నూలుబట్టలో తన బరువులో సగం నీరు మిగిలే ఉంటుంది. అంటే ఆ రోజు పదకొండు లీటర్ల నీటిని మీ పెరటి గాలి పీల్చుకోవాలి. ఇక తాడు సంగతి. 2.7 మీటర్ల వెడల్పున్న దుప్పట్లు పన్నెండు వరసగా వేస్తేనే 33 మీటర్లు కావాలి. తువ్వాళ్లు, గలీబులు, మ్యాట్లు కలిపితే 55 మీటర్లకు చేరుతుంది. అంత తాడు, దాని చుట్టూ గాలి ఆడే జాగా, పైన వాన పడితే ఆపే రేకు ఉన్నాయా? ఇంటి ప్లాను గీయించేటప్పుడు ఈ ప్రశ్న వేసుకునేవాళ్లు తక్కువ.

అరకులో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. పర్యాటకులు ఎగబడే చలికాలమే కాఫీ పళ్లు కోసి ఆరబెట్టే కాలం కూడా. ఉన్న కాసిన్ని ఎండ గంటల కోసం కల్లంలో కాఫీ గింజలు, దండెం మీద దుప్పట్లు పోటీ పడతాయి. కాఫీ తోట ఉన్న ఇంట్లో గదులు అద్దెకిచ్చేవాళ్లు ఎండ పడే చోటును ముందే రెండుగా పంచుకోవాలి. లేదంటే గింజలైనా బూజు పడతాయి, దుప్పట్లైనా ముక్కిపోతాయి.

దుప్పట్లు, తువ్వాళ్లు ఎన్ని సెట్లు ఉంచుకోవాలన్న లెక్కను హోటళ్లలో ‘పార్’ అంటారు. ఒక పార్ అంటే అన్ని పడకలకూ ఒకసారి సరిపడే సెట్టు. కనీసం మూడు ఉండాలి: ఒకటి పడక మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. మంచు, వాన ఎక్కువుండే చోట నాలుగోది కూడా కావాలని నేను గట్టిగా చెబుతాను. నాలుగో సెట్టుకు డబ్బు పెట్టలేనివాళ్లు ఒక గది తక్కువగా అద్దెకివ్వడం మేలు. బీరువాలో పెట్టేటప్పుడు కొత్తగా ఉతికినవి అడుగున దోపి, పైనున్నవి వాడాలి. అలా చేయకపోతే పైనున్న నాలుగు తువ్వాళ్లే ఏడాదంతా అరిగిపోతాయి, అడుగువి మడత దగ్గర పసుపుపచ్చగా మారతాయి.

షోలాపూర్ మగ్గం

ఉచ్చులు తేలిన మెత్తటి తువ్వాలును మన ఇళ్లలో ఇప్పటికీ టర్కీ టవల్ అనే అంటారు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఇంగ్లండ్‌కు చెందిన హెన్రీ క్రిస్టీ టర్కీలో ఆ నేత చూసి వచ్చాడు. ఆ నేతను మరమగ్గం మీదకు తెచ్చాక ఆ తువ్వాలు 1851 లండన్ మహాప్రదర్శనలో పెట్టారు. మనకు దగ్గరి కథ షోలాపూర్‌ది. ఆ ఊరి చద్దర్లకూ, టెర్రీ తువ్వాళ్లకూ రెంటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి మరమగ్గాల వెనక తరాల కిందట తెలంగాణ పల్లెల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఉన్నాయి. ఇప్పటికీ ఆ పేటల్లో తెలుగు వినిపిస్తుంది. అరకు గదిలో అతిథి ముఖం తుడుచుకునే తువ్వాలు ఏ తెలుగు నేతగాడి మగ్గం మీదో పుట్టి ఉండొచ్చన్న సంగతి నాకు చాలా ఇష్టం.

తువ్వాలు కొనేటప్పుడు దుకాణంవాళ్లు జీఎస్‌ఎం అనే అంకె చెబుతారు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందన్నది ఆ లెక్క. 70 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవున్న తువ్వాలు 500 జీఎస్‌ఎం అయితే అర కిలోకి దగ్గరగా ఉంటుంది. 700 అయితే ముప్పావు కిలోకు కాస్త తక్కువ. పెద్ద హోటల్లో వాడినట్టు మందంగా ఉండాలని చాలామంది 700ది కొంటారు. దగ్గర పెద్ద డ్రయ్యర్ ఉంటే కొనుక్కోవచ్చు. ఎండను నమ్ముకున్న ఇంటికి 400 నుంచి 450 మధ్యది చాలు. చేతికి మెత్తగానే ఉంటుంది, సాయంత్రానికి ఆరుతుంది. ఆరని మందపు తువ్వాలు కంటే ఆరిన పలుచటి తువ్వాలుకే అతిథి దగ్గర మర్యాద ఎక్కువ. నా మాట వింటే, దానితోపాటు ఆప్కో దుకాణాల్లో దొరికే పలుచని చేనేత తువ్వాలు కూడా గదికి రెండు పెట్టండి. తల తుడుచుకోవడానికి మనవాళ్లకు అదే అలవాటు. గంటలో ఆరిపోతుంది.

కొత్త తువ్వాళ్లను తెచ్చిన వెంటనే గదిలో పెట్టకూడదు. మిల్లులో మెరుపు కోసం పూసిన పూత పోయేదాకా అవి నీటిని పీల్చవు, ఒంటి మీద జారిపోతాయి. రెండు మూడు సార్లు ఉతికాకే వాడాలి. ఉతికిన ప్రతిసారీ పోసే సువాసన ద్రావకం కూడా దారం మీద జిడ్డు పొరలా పేరుకుంటుంది. తువ్వాళ్లకు అది అసలు వద్దు. చివరి జాడింపులో కొంచెం వెనిగర్ పోస్తే సబ్బు వదిలి, ఉచ్చులు మళ్లీ లేస్తాయి. తువ్వాళ్లకు ఇస్త్రీ కూడా అక్కర్లేదు, ఉచ్చులు అణిగిపోతాయి. ఒక ఉచ్చు పైకి లేచి వేలాడుతుంటే లాగకండి, కత్తెరతో కత్తిరించండి.

తెలుపెందుకు?

1999లో వెస్టిన్ హోటళ్లు పడకంతా తెలుపుతో పరిచాక ప్రపంచమంతా ఆ బాటే పట్టింది. తెల్లదుప్పటి చూడగానే శుభ్రంగా అనిపిస్తుంది, నిజమే. ఉతికేవాళ్లకు దానివల్ల ఇంకో మేలుంది: అన్నీ ఒకే రంగు కాబట్టి అన్నీ కలిపి, వేడినీళ్లలో, గట్టి మందుతో ఉతకొచ్చు. ఒకటి చిరిగితే దాని స్థానంలో ఇంకొకటి వేస్తే తేడా తెలియదు. అయితే మన వంటలు, మన జుట్టు నూనెలు, మన గోరింటాకు... ఇవన్నీ తెలుపు మీదకే వస్తాయి. దీన్ని ఏ విదేశీ పుస్తకమూ చెప్పదు.

పసుపు మరక మీద సబ్బు రుద్దగానే ఎర్రబడుతుంది. పనివాళ్లు కంగారుపడి ఇంకా రుద్దుతారు. పసుపుకు సున్నం కలిపితే కుంకుమ రంగు వచ్చినట్టే, సబ్బులోని క్షారం వల్ల జరిగేది ఇది. ఉతికి, తడిగానే నేరుగా ఎండలో పరిస్తే ఆ రంగు తనంతట తనే విరిగిపోతుంది. ఒక రోజు చాలకపోతే రెండు రోజులు. నెత్తురు మరకకు చన్నీళ్లే. వేడినీళ్లు తగిలితే అది దారానికి గట్టిగా పట్టుకుంటుంది. కొబ్బరినూనె పట్టిన గలీబులకు ముందు గిన్నెల సబ్బు రాసి నానబెట్టి, ఆపైన వేడినీళ్లలో వేయాలి. నూనె వదలని తువ్వాళ్లను డ్రయ్యర్‌లో ఆరబెట్టి, వేడివేడిగా దొంతర పెడితే లోలోపల వేడెక్కి వాటంతటవే అంటుకునే ప్రమాదం ఉంది. చల్లారాకే మడతపెట్టాలి. ఇక జుట్టు రంగు, గోరింటాకు మరకలు పోవు. వాటితో కుస్తీ పట్టే బదులు గదిలో ముదురు గోధుమరంగు తువ్వాలు ఒకటి పెట్టి, ‘జుట్టు రంగుకీ, మేకప్‌కీ ఇది వాడండి’ అని చిన్న చీటీ రాస్తే సగం బాధ తప్పుతుంది. బూట్లకు పాత గుడ్డ ఒకటి గుమ్మం దగ్గరే పెట్టండి. రుషికొండ ఇళ్లలోనైతే సముద్రపుటొడ్డుకు పట్టుకెళ్లడానికి నీలం తువ్వాళ్లు విడిగా ఉండాలి. మెషిన్‌లో వేసేముందు ఇసుక దులపాలి, లేదంటే మెషిన్ గొట్టంలో ఇసుక పేరుకుంటుంది.

బ్లీచింగ్ విషయంలో రెండు జాగ్రత్తలు. బోరునీళ్లలో ఇనుము ఉంటే బ్లీచింగ్ పోసినకొద్దీ బట్ట తెల్లబడటం మాని తుప్పు రంగుకు తిరుగుతుంది. నూలు దారం కూడా బలహీనపడుతుంది. రెండోది ప్రాణానికి సంబంధించినది: బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు పుడుతుంది.

కంటికి కనిపించే తెలుపు వేరు, సూక్ష్మజీవులు చావడం వేరు. బ్రిటన్ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ఆసుపత్రి బట్టలకు 65 డిగ్రీల వేడి పది నిమిషాలు, లేదా 71 డిగ్రీలు మూడు నిమిషాలు తగలాలంటుంది. ఇంటి అతిథులకు ఆసుపత్రి కొలత అక్కర్లేకపోయినా, దుప్పట్లకు మెషిన్‌లో 60 డిగ్రీల మీట నొక్కడం అలవాటు చేసుకోవాలి. నల్లులూ ఆ వేడికి బతకవు. మన పెద్దలు చవుడు వేసి బానలో బట్టలు ఉడకేయడం వెనక ఉన్నదీ ఈ వేడే.

అడగడంలోనూ పద్ధతుంది

రెండో రోజు తువ్వాలు మార్చాలా వద్దా? ‘పర్యావరణం కోసం మళ్లీ వాడండి’ అన్న కార్డు అందరం చూశాం. అమెరికాలో గోల్డ్‌స్టీన్, చాల్డినీ, గ్రిస్కెవిషియస్ అనే పరిశోధకులు ఒక హోటల్లో ఆ కార్డు మీద మాట మార్చి చూశారు. వాళ్ల పరిశోధన 2008లో వచ్చింది. మామూలు కార్డుకు దాదాపు 35 శాతం అతిథులు తువ్వాలు మళ్లీ వాడితే, ‘ఇక్కడ దిగినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడుతున్నారు’ అన్న కార్డుకు 44 శాతం వాడారు. మరో విడతలో ‘ఈ గదిలో ఉన్నవాళ్లలో’ అని రాస్తే 49 శాతానికి చేరింది. అయితే ఆ మాట మీ ఇంట్లో నిజమైతేనే రాయాలి. కార్డుతోపాటు ఆరేసుకోవడానికి గదిలో కడ్డీ, వరండాలో చిన్న తాడు కూడా ఉండాలి. తడి తువ్వాలు వేసుకునే చోటే లేకుండా మళ్లీ వాడమంటే ఎవరు వాడతారు?

‘అమ్మా, ఇంకో తువ్వాలుంటే ఇస్తారా?’ అని రాత్రి పదింటికి తలుపు కొట్టేవాళ్లు ఉంటారు. విసుక్కోకండి. గదికి ఒకటి అదనంగా, కనిపించే అరలో ముందే పెట్టేయండి.

ఉతికే చేతులు

ఇంట్లో ఇంత పని తెమలకపోతే బయటికి ఇవ్వాల్సిందే. ఫోర్ట్ కొచ్చిలో అది ఎలా నడుస్తుందో చూడాలి. వేళి ప్రాంతంలోని ధోబీఖానాలో వణ్ణార్ సముదాయం వాళ్లు అక్కడి హోమ్‌స్టేల బట్టలు ఉతికిపెడతారు. తొట్ల వరసలు, పెద్ద ఆరుబయలు, రెండు పేటలు మెలేసిన తాళ్లు. క్లిప్పులు ఉండవు, తాటి మెలికలో బట్ట అంచు దోపుతారు, ఎంత గాలికీ ఊడదు. ఒక్కో ఇల్లూ విడివిడిగా మెషిన్లు కొని తంటాలు పడేకంటే నలుగురూ కలిసి వాడే ఇలాంటి చోటు అరకు, లంబసింగి వైపు కూడా రావాలి. తెలంగాణలో 2021 నుంచి లాండ్రీలకూ, ధోబీఘాట్లకూ నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇస్తున్నారు. అక్కడి అనంతగిరి కొండల చుట్టూ అద్దె ఇళ్లు నడిపేవాళ్లు దగ్గర్లోని రజక సంఘంతో ఒప్పందం చేసుకుంటే ఇద్దరికీ మేలు.

పూర్వం చాకలివాళ్లు ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవాళ్లు. అది ఎన్ని ఉతుకులకైనా పోదు. ఇప్పుడు అంచున రంగుదారంతో రెండు కుట్లు వేస్తే చాలు. పెద్ద మంచానికి ఎరుపు, చిన్న మంచానికి నీలం. మూట కట్టేటప్పుడు మరకపడిన వాటిని విడిగా కట్టి, ఏం మరకో ముందే చెప్పాలి. చెప్పకుండా ఇచ్చి, మరక పోలేదని కూలి కోసే ఇళ్లు ఉన్నాయి. అది అన్యాయం. బ్లీచింగ్ నీళ్లలో చేతులు పెట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. రబ్బరు గ్లౌజులు ఇంటివాళ్లే కొనివ్వాలి. గది అద్దె నిర్ణయించేటప్పుడు బట్టల ఉతుకు ఖర్చును విడి గీతగా రాసుకోండి, అందులో కలిసిపోతే ముందుగా తగ్గించేది ఆ కూలినే. ముక్కకు ఇంతని కట్టేచోట వానాకాలం వచ్చేసరికి ఉతికేవాళ్ల చేతిలో పని ఉండదు, డబ్బూ ఉండదు. గదులు ఖాళీగా ఉన్న ఆ నెలల్లో కూడా కనీస మొత్తం ఇస్తామని జూన్‌లోనే కూర్చుని కాగితం మీద రాసుకోండి, డిసెంబరు శనివారాల్లో ఎన్ని మూటలు ఎన్నింటికి ఉతికి ఇవ్వాలో కూడా ఆ కాగితం మీదే రాసుకోండి.