నవలలో దొరికిన రోజు

ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ వ్రాసిన 'ఎనభై రోజులలో భూప్రదక్షిణం' 1873లో పుస్తకంగా వెలువడినది. కథానాయకుడు ఫిలియాస్ ఫాగ్ ఎనభై రోజులలో భూమిని చుట్టివస్తానని ఇరవై వేల పౌనులు పందెం కాసి, 1872 అక్టోబరు 2న లండను నుండి తూర్పుగా బయలుదేరుతాడు. తిరిగి వచ్చేసరికి అయిదు నిమిషాలు ఆలస్యమవుతుంది. పందెం పోయినదనుకొంటాడు. తన లెక్కలో ఒక రోజు ఎక్కువైనదనీ, గడువు ఇంకా దాటలేదనీ మరునాడు గాని తెలియదు.

ఆ రోజు ఎక్కడి నుండి వచ్చింది? తరగతిలో జవాబు చెప్పివేయడం ఉపాధ్యాయునికి రెండు నిమిషాల పని. పిల్లల చేతనే వెదికిస్తే వారం పడుతుంది. అయినా వెదికించడమే మేలు.

తరగతిని అయిదారుగురి చొప్పున జట్లు చేసి, జట్టుకొక ప్రశ్న అప్పగించవలెను. మొదటి జట్టుకు ఒక గ్లోబు చాలు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. అనగా డిగ్రీకి 4 నిమిషాలు. కాకినాడ సమీపంగా పోయే 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని నాలుగుతో హెచ్చవేస్తే 330 నిమిషాలు. మన గడియారాలు గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండడం ఇందువల్లనే. అదే లెక్క 360 డిగ్రీలకు చేస్తే 1440 నిమిషాలు, ఒక పూర్తి రోజు! సూర్యునికి ఎదురుగా ప్రయాణించిన ఫాగ్‌కు ప్రతి దినమూ కొంచెం పొట్టిదైనది. అతడు ఎనభై మధ్యాహ్నాలు చూసేసరికి లండనులోని మిత్రులు 79 మాత్రమే చూశారు.

రెండవ జట్టు రైళ్ళ సంగతి చూస్తుంది. నవలలో అలహాబాదుకు ఇవతల రైలుదారి పూర్తికాక ఫాగ్ ఏనుగును కొంటాడు. నిజానికి బొంబాయి, కలకత్తాల మధ్య రైలుదారి 1870లోనే కలిసినది. సూయజ్ కాలువ, అమెరికాను అడ్డంగా దాటే రైలుదారి 1869లో తెరువబడినవి.

మూడవ జట్టు ప్రశ్న అన్నిటికన్న చిక్కైనది. ఫాగ్ నవంబరు 23న 180వ రేఖాంశం దాటి, అమెరికాలో దిగి, డిసెంబరు 11న న్యూయార్కు చేరేసరికి ఓడ వెళ్ళిపోతుంది. కాని ఓడలు స్థానిక తేదీని బట్టి నడుస్తాయి. అతని లెక్కకు 11 అయిన రోజు అక్కడ 10వ తేదీయే. ఆ ఓడ ఇంకా రేవులోనే ఉండవలెను! వెర్న్ ఈ సంగతి చూసీ చూడనట్లు వదిలినట్లున్నది. లేకుంటే కథ అక్కడే ముగిసేది.

జట్టుపనిలో ఒక ప్రమాదం ఉన్నది. తెలివైన ఒక్కడే అంతా వ్రాస్తాడు, తక్కినవారు పేర్లు చేర్చుకొంటారు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికొక ఉపాయం ప్రవేశపెట్టాడు. జట్లు తమ పని ముగించిన తరువాత, ప్రతి జట్టు నుండి ఒక్కొక్కరిని తీసి కొత్త జట్లు కట్టవలెను. అక్కడ రేఖాంశాల లెక్క తెలిసినవాడు ఒక్కడే ఉంటాడు. రైళ్ళ సంగతి తెలిసినవాడూ ఒక్కడే. ఎవరూ నోరు మూసుకొని కూర్చునే వీలు లేదు.

పడమరగా పోయినవారి గతి ఏమిటని పిల్లలు తప్పక అడుగుతారు. దానికి మజెల్లాన్ నావికుల కథ ఉన్నది. 1522 జూలైలో వారి ఓడ కేప్‌వర్డి దీవుల వద్ద ఆగినప్పుడు, ఓడలో లెక్క బుధవారం, ఒడ్డున గురువారం. ఒక్క రోజూ తప్పకుండా దినచర్య వ్రాసుకొన్న పిగఫెట్టా ఆ మాట విని ఆశ్చర్యపోయాడు.