బాల్కనీలో తంగేడు

పొలం గట్ల మీద ఉచితంగా దొరికిన పువ్వు నగరంలో కొనుక్కునే సరుకైంది. దాన్ని తిరిగి ఇంటికి తెచ్చుకోవడానికి గుప్పెడు గింజలు, కాస్త ఓపిక చాలు

మహాలయ అమావాస్య దగ్గరపడుతుంటే హైదరాబాద్ పూల మార్కెట్లలో బంతి, చామంతి పక్కన మరో సరుకు కనిపిస్తుంది. ఎవరూ నాటని, ఎవరూ నీళ్లు పోయని గునుగు. ఊళ్లలో తెల్లవారకముందే చేల వెంట తిరిగి ఒడినిండా కోసుకొచ్చే ఈ పువ్వును నగరంలో కట్టల లెక్కన బేరమాడి కొనాలి. తంగేడుదీ అదే కథ.

2014లో తెలంగాణ ఏర్పడ్డాక బతుకమ్మ రాష్ట్ర పండుగైంది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. హోదా పెరిగింది కానీ చోటు తగ్గింది. శివార్లలోని బంజర్లు ప్లాట్లుగా మారాయి. లేత ఆకును కూర వండుకున్నా, రైతు లెక్కలో గునుగు కలుపు మొక్కే. కలుపుమందు కొట్టిన చేలో అది తలెత్తదు.

అందుకే అడవి పూలను కుండీల్లోకి తెచ్చుకోవాలన్న ఆలోచనకు ఇప్పుడు అర్థముంది. అయితే దారిపక్క మొక్కను పెకలించి తేవడం మాత్రం పనికిరాదు. తంగేడు తల్లివేరు లోతుకు దిగుతుంది. అది తెగితే మొక్క బతకడం కష్టం. పైగా ఉన్నచోట కూడా అది లేకుండా పోతుంది. గింజ తేవడమే సరైన పద్ధతి.

గునుగుతో మొదలుపెట్టడం తేలిక. పండుగ అయ్యాక కంకులు ఎండుతాయి. కాగితం మీద దులిపితే నల్లగా మెరిసే సన్నటి గింజలు రాలతాయి. వాటిని నీడన ఆరబెట్టి కాగితపు పొట్లంలో దాచి, జూన్‌లో తొలకరి పడ్డాక చల్లాలి. గింజ చిన్నది కాబట్టి లోతుగా పాతకూడదు. తడి మట్టి మీద చల్లి, పైన పలుచగా ఇసుక రాలిస్తే చాలు. ఒత్తుగా మొలిచిన వాటిని పలచన చేస్తే బతుకమ్మ నాటికి కంకి చేతికొస్తుంది. ఎరువు ఎక్కువైతే ఆకు పెరుగుతుంది, పువ్వు తగ్గుతుంది.

తంగేడుకు మరికొంత నేర్పు కావాలి. గింజ పైపెంకు గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. అడవిలో ఎండావానలు చేసే పనిని ఇంట్లో ఉప్పుకాగితం చేస్తుంది. గింజను ఒకవైపు కాస్త గీకి, రాత్రంతా నీళ్లలో నానబెట్టాలి. ఉబ్బినవే మొలకెత్తడానికి సిద్ధమైనట్టు. వాటిని లోతైన సంచిలో ఒక్కొక్కటిగా పెట్టి, వేరు చుట్టుకుపోకముందే పెద్ద కుండీలోకో నేలలోకో మార్చాలి. రోజంతా ఎండ తగలాలి, నీళ్లు నిలవకూడదు. గట్టి పెంకు ఉన్న శంఖుపుష్పానికీ ఇదే చిట్కా.

అడవి నాభి విషయంలో మాత్రం తొందర వద్దు. ఎరుపు, పసుపు కలిసి మంటలా కనిపించే ఈ పువ్వు తమిళనాడు రాష్ట్ర పుష్పం. నాగలి ఆకారంలో ఉండే దాని దుంప కొసన మొలక ఉంటుంది. అది విరిగితే దుంప వృథా. అంతకన్నా ముఖ్యం, మొక్కంతా విషమే. గౌట్ మందుకు వాడే కాల్చిసిన్ ఇందులో ఉంది. పొరపాటున తింటే ప్రాణం పోవచ్చు. చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని పెంచకపోవడమే మేలు.

అడవి పువ్వు అనగానే ఎక్కడి మొక్కైనా తెచ్చేసుకోవచ్చనుకోవడం కూడా పొరపాటే. 19వ శతాబ్ది ఆరంభంలో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అలంకారం కోసం లాంటానా వచ్చింది. తర్వాత దేశంలోని అడవులను ఆక్రమించింది. మన చుట్టుపక్కల నేలలో పుట్టి పెరిగినవాటితోనే ఆ బెడద తక్కువ. గునుగు కూడా విపరీతంగా గింజ రాల్చేదే కాబట్టి, పక్కన చేలుంటే కంకి ఎండకముందే కోసేయడం మర్యాద.

ఫలితం పండుగ వరకే పరిమితం కాదు. తంగేడు జాతి మొక్కల ఆకుల మీద కొన్ని రకాల లేతపసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గొంగళి పురుగులు తిన్న ఆకు మళ్లీ చిగురిస్తుంది కాబట్టి మందు కొట్టాల్సిన పని లేదు.

ఇక మిగిలింది ఒక్క జాగ్రత్త. బతుకమ్మతో పాటు పువ్వంతా చెరువుకే చేరితే వచ్చే ఏడాదికి గింజ మిగలదు. కుండీకి రెండు మూడు కంకులు కోయకుండా వదిలేస్తే, వచ్చే జూన్‌కు మళ్లీ మార్కెట్ వైపు చూడనక్కర్లేదు.